బిట్ బ్యాంకులో లేని స్టాన్లీ హాల్

టెట్, డీఎస్సీ రాసేవాళ్లకు స్టాన్లీ హాల్ పేరు కొత్తేమీ కాదు. కౌమారాన్ని ఒత్తిడి, తుఫానుల దశగా చెప్పింది ఎవరు అనే ప్రశ్న కనబడగానే మిగతా మూడు ఆప్షన్లు చదవకుండానే హాల్ దగ్గర బబుల్ నింపేస్తారు. మా అక్క డీఎస్సీకి చదువుతున్నప్పుడు బిట్లు చదివి వినిపించే డ్యూటీ నాది. అప్పటికి నా బీటెక్ అయిపోయింది. ఆఫర్ లెటర్ చేతిలో ఉంది, జాయినింగ్ డేట్ మాత్రం రాదు. పగలంతా మెయిల్ రిఫ్రెష్ చేయడం, సాయంత్రం అక్కకు బిట్లు చదవడం. అలా ఓ రోజు, ఈ ఒక్క మార్కు పెద్దమనిషి ఎవరా అని వెతికితే రెండు సంగతులు దొరికాయి.

ఒకటి, 36 ఏళ్లు వచ్చేసరికి ఆయనకు పీహెచ్‌డీ ఉంది, విదేశీ చదువు ఉంది, పెళ్లయింది, అప్పులున్నాయి. ఉద్యోగం ఒక్కటే లేదు. రెండు, కౌమారం మీద రాసి పేరు తెచ్చుకున్న ఈయనే 78 ఏళ్ల వయసులో ముసలితనం మీద మరో పెద్ద పుస్తకం రాశారు. వయసు పైబడితే మనిషి బుర్ర ఏమవుతుందనే దాని మీద డాక్టర్లూ ప్రొఫెసర్లూ అప్పటికే ఖాయం చేసేసిన మాటలను అందులో ప్రశ్నించారు. ఈ రెండో సంగతి మా అక్క పుస్తకాల్లో ఎక్కడా లేదు.

కొండ మీద ఒట్టు

హాల్ 1844లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, యాష్‌ఫీల్డ్ అనే పల్లెలో పుట్టారు. రైతు కుటుంబం. పద్నాలుగేళ్లప్పుడు ఊరి దగ్గరి కొండ ఎక్కి, గడ్డిలో పడుకుని, ఈ పొలం పని వదిలి లోకంలో ఏదో ఒకటి సాధిస్తానని తనకు తానే ఒట్టు పెట్టుకున్నారట. ఏం సాధించాలో మాత్రం తెలియదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా తెలియలేదు కూడా.

1867లో విలియమ్స్ కాలేజీ నుంచి డిగ్రీ వచ్చింది. పాస్టర్ అవుదామని న్యూయార్క్‌లోని యూనియన్ థియలాజికల్ సెమినరీలో చేరారు. అక్కడ ప్రతి విద్యార్థీ ఒక ప్రసంగం చేసి చూపించాలి, పెద్దలు తప్పొప్పులు చెప్పాలి. హాల్ ప్రసంగం విన్న సెమినరీ పెద్ద తప్పొప్పులు చెప్పడం మానేసి, మోకాళ్ల మీద కూర్చుని ఈ కుర్రాడి ఆత్మ కోసం ప్రార్థన మొదలుపెట్టారని చెబుతారు. ఇంటర్వ్యూ బోర్డు చైర్మనే లేచి దండం పెట్టేసినట్టన్నమాట.

ఆ దారి తనది కాదని అర్థమైంది. హెన్రీ వార్డ్ బీచర్ అనే పేరున్న పాస్టర్ చొరవతో అప్పు పుడితే జర్మనీ వెళ్లి ఫిలాసఫీ చదివారు. డబ్బు అయిపోయాక తిరిగొచ్చి, న్యూయార్క్‌లో ఒక బ్యాంకర్ల కుటుంబం పిల్లలకు ట్యూషన్లు చెప్పారు. 1872లో ఒహాయో రాష్ట్రంలోని యాంటియాక్ కాలేజీలో పని దొరికింది. చిన్న కాలేజీ కదా, అన్నీ ఆయనే. ఇంగ్లిష్ లిటరేచర్, ఫ్రెంచ్, జర్మన్, ఫిలాసఫీ పాఠాలు చెప్పాలి, లైబ్రరీ చూడాలి, పాటల బృందాన్ని నడపాలి. చిన్న ప్రైవేటు కాలేజీల్లో పనిచేసినవాళ్లకు ఈ జాబ్ ప్రొఫైల్ బాగా తెలిసే ఉంటుంది.

అక్కడున్నప్పుడే జర్మన్ శాస్త్రవేత్త విల్హెల్మ్ వుంట్ 1874లో వెలువరించిన సైకాలజీ పుస్తకం ఆయన చేతికి వచ్చింది. మనసును ప్రయోగశాలలో కొలవొచ్చు అనే ఆలోచన అప్పటికి సరికొత్తది. హాల్‌కు అది పట్టుకుంది. హార్వర్డ్‌కు వెళ్లి, విలియం జేమ్స్ గైడుగా 1878లో పీహెచ్‌డీ తీసుకున్నారు. అమెరికాలో సైకాలజీ అంశం మీద ఇచ్చిన మొదటి పీహెచ్‌డీగా దాన్నే చెబుతారు. అప్పటికి వయసు 34. మళ్లీ జర్మనీ వెళ్లి, లైప్‌జిగ్‌లో వుంట్ దగ్గర చదివిన మొదటి అమెరికన్లలో ఒకరయ్యారు. అక్కడే పెళ్లి చేసుకున్నారు. 1880లో భార్య కొర్నీలియాతో కలిసి అమెరికా తిరిగొచ్చారు.

వస్తే ఏముంది? సైకాలజీ అనే డిపార్ట్‌మెంటే ఏ కాలేజీలోనూ లేదు. అంటే ఆయన చదివిన చదువుకు సరిపోయే పోస్టు దేశం మొత్తమ్మీద ఒక్కటీ లేదు. నోటిఫికేషన్ ఆలస్యం కావడం మనకు తెలుసు, అసలు పోస్టే పుట్టకపోవడం వేరే లెవెల్. బోస్టన్ దగ్గర చిన్న ఇంట్లో, అప్పులతో, ఇక డాక్టరు కోర్సు చదవాలా అన్న ఆలోచనల్లో ఉండగా ఒక రోజు తలుపు చప్పుడైంది. గుమ్మం ముందు గుర్రం మీద హార్వర్డ్ ప్రెసిడెంట్ చార్లెస్ ఎలియట్. గుర్రం దిగకుండానే, విద్యాబోధన మీద బోస్టన్ టీచర్లకు శనివారాలు లెక్చర్లు ఇస్తావా, ఈ వారం నుంచే మొదలుపెట్టాలి అని అడిగారు. హాల్ సరేనన్నారు.

నిజానికి ఆయన చదివింది టీచర్ ట్రైనింగ్ కాదు. అయినా ఆ శనివారం లెక్చర్లకు జనం కిక్కిరిశారు. పిల్లల మనసు గురించి మాట్లాడాలంటే ముందు పిల్లలను అడగాలి కదా అని, బోస్టన్ బడుల్లో కొత్తగా చేరిన పిల్లలకు ఏం తెలుసో, ఏం తెలియదో టీచర్ల ద్వారా అడిగించి 1883లో అచ్చు వేశారు. ఆవు ఎలా ఉంటుందో, మన ఒంట్లో పక్కటెముకలు ఎక్కడుంటాయో తెలియని పట్నం పిల్లలు బోలెడుమంది బయటపడ్డారు. పెద్దలు ఊహించుకున్నదానికీ పిల్లలు చెప్పినదానికీ మధ్య తేడా అది. ఈ ప్రశ్నావళి పద్ధతిని గుర్తుపెట్టుకోండి. ముప్పై ఏడేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

మధ్యలో నలభై ఏళ్లు

ఇక్కణ్నుంచి ఆయన సీవీ చకచకా పెరిగింది. జాన్స్ హాప్కిన్స్‌లో 1883లో సైకాలజీ ల్యాబ్, 1884లో ప్రొఫెసర్ పోస్టు, 1887లో అమెరికాలో మొదటి సైకాలజీ జర్నల్, 1888లో వూస్టర్ పట్టణంలో కొత్తగా పెడుతున్న క్లార్క్ యూనివర్సిటీకి తొలి ప్రెసిడెంట్, 1892లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ మొదటి అధ్యక్షుడు. 1904లో రెండు సంపుటాల 'అడాలసెన్స్'. మన బిట్ వచ్చింది అందులోంచే. 1909లో క్లార్క్ యూనివర్సిటీ ఇరవయ్యో వార్షికోత్సవానికి ఫ్రాయిడ్‌ను, యుంగ్‌ను పిలిపించారు. ఫ్రాయిడ్ జన్మలో అమెరికాకు వెళ్లింది ఆ ఒక్కసారే.

సీవీలో రాయనివి కూడా ఉన్నాయి. 1890లో ఆయన అనారోగ్యంతో ఊళ్లో లేనప్పుడు, ఇంట్లో గ్యాస్ దీపం గ్యాస్ లీకై కొర్నీలియా, చిన్నపాప జూలియా నిద్రలోనే చనిపోయారు. కొడుకు రాబర్ట్ మిగిలాడు. రెండేళ్లకు, కొత్తగా మొదలవుతున్న షికాగో యూనివర్సిటీ ప్రెసిడెంట్ విలియం హార్పర్ వచ్చి, క్లార్క్‌లోని అధ్యాపకుల్లో చాలామందిని ఎక్కువ జీతాలకు తీసుకెళ్లిపోయారు. స్టార్టప్ ఫౌండర్లు ఈ బాధను బాగా అర్థం చేసుకుంటారు. హాల్ మాత్రం క్లార్క్‌ను వదలలేదు. 1920 దాకా, అంటే 76 ఏళ్ల వయసు దాకా అదే కుర్చీలో ఉన్నారు.

ఆయన్ని దేవుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు. మానవజాతి చరిత్ర అంతా ఒక్కో బిడ్డ ఎదుగుదలలో మళ్లీ జరుగుతుందనే సిద్ధాంతాన్ని ఆయన గట్టిగా నమ్మారు. మీ పుస్తకాల్లో పునరావృత్తి సిద్ధాంతం పేరుతో ఉండేది అదే. దాన్ని పట్టుకుని యూరప్ బయటి జాతులను ఇంకా ఎదగని పిల్లలతో పోల్చారు. ఎదిగే వయసులో అమ్మాయిలు, అబ్బాయిలు ఒకే క్లాసులో చదవడాన్ని వ్యతిరేకించారు. ఇవి ఇవాళ నిలబడని మాటలు, అప్పుడు కూడా మంచి మాటలు కావు. విచిత్రం ఏంటంటే, అమెరికాలో సైకాలజీలో పీహెచ్‌డీ పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి ఫ్రాన్సిస్ సమ్నర్ 1920లో ఆ పట్టా తీసుకుంది హాల్ దగ్గరే. మనిషి ఒక్క లైనులో ఇమడడు, బిట్ పేపర్‌లోనే ఇముడుతాడు.

రిటైరయ్యాక మొదలైన రీసెర్చ్

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

1920లో పదవి దిగిపోగానే హాల్‌కు కాళ్లకింద నేల జారినట్టయింది. పొద్దున్న లేస్తే వెళ్లడానికి ఆఫీసు లేదు. కుర్రవాళ్లు ఏ ఉద్యోగం ఎంచుకోవాలో చెప్పడానికి పుస్తకాలు, సలహాదారులు ఉన్నారు. రిటైరైనవాడు ఏం చేయాలో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ముందు తన ఒంటి సంగతి తెలుసుకుందామని డాక్టర్ల చుట్టూ తిరిగారు. ఒకరి సలహాకూ ఇంకొకరి సలహాకూ పొంతన లేదు. చివరికి తనకు తానే డాక్టరు అనుకున్నారు. ఇల్లు అటక నుంచి అడుగు దాకా సర్ది, పాత లెక్చర్ నోట్సులు, ఉత్తరాలు ఏరి పారేశారు. వీలునామా సరిచూసుకున్నారు. అంతా అయ్యాక కూర్చుని, ముసలితనం గురించి సైన్స్ ఏం చెబుతోందో చదవడం మొదలుపెట్టారు.

ఆ చదువులో ఆయనకు ఎదురైన సిద్ధాంతాలు ఎలాంటివో చూడండి. న్యూయార్క్ డాక్టర్ జార్జ్ బియర్డ్ 1870ల్లోనే గొప్పవాళ్ల జీవితాలు లెక్కేసి, లోకంలో గొప్ప పనుల్లో ఎక్కువ భాగం 45 ఏళ్లలోపే జరిగాయని తేల్చారు. హాల్ గైడు విలియం జేమ్స్ 1890లో వేసిన పుస్తకంలో, మనిషి స్వభావం ముప్పై ఏళ్లకే గట్టిపడిపోతుందని, ఆ తర్వాత మారేది పెద్దగా ఉండదని రాశారు. అన్నిటికంటే గోల చేసింది విలియం ఆస్లర్ మాట. అప్పటి వైద్య ప్రపంచంలో ఆయనది మహా పెద్ద పేరు. 1905లో జాన్స్ హాప్కిన్స్ వదిలి వెళ్తూ ఇచ్చిన వీడ్కోలు ప్రసంగంలో, నలభై దాటినవాళ్ల వల్ల లోకానికి పెద్ద ఉపయోగం లేదని, అరవై దాటితే అసలే లేదని, ఆ వయసుకు అందరినీ పని మాన్పించాలని అన్నారు. పైగా ఒక నవలను గుర్తుచేస్తూ, ముసలివాళ్లకు క్లోరోఫామ్ ఇచ్చే ప్రస్తావన సరదాకు తెచ్చారు. అది సరదా అని పేపర్లకు అనిపించలేదు, నెలల తరబడి దుమారం రేగింది. అప్పటికి ఆస్లర్ వయసు 55. తన లెక్క ప్రకారం ఆయన కూడా ఎక్స్‌పైరీ దాటినట్టే.

ఇవన్నీ కాఫీ కబుర్లు కావు. ఫ్యాక్టరీలు, రైల్వేలు, ఆఫీసులు వయసు చూసి మనుషులను తీసుకోవడం, తీసేయడం అప్పుడప్పుడే అలవాటు చేసుకుంటున్నాయి. వాళ్లకు ఇలాంటి సిద్ధాంతాలు మంచి సాకు.

హాల్‌కు కనిపించిన లోపం నాలాంటి ఇంజినీర్లకు వెంటనే అర్థమవుతుంది. డేటా ఎవరి దగ్గర తీసుకున్నారు? డాక్టర్లు చూసింది జబ్బుపడి తమ దగ్గరికొచ్చిన ముసలివాళ్లను. జీవశాస్త్రజ్ఞులు చూసింది కణాలను, ఎలుకలను. మిగతావాళ్లు చూసింది చనిపోయిన గొప్పవాళ్ల జీవితచరిత్రలను. సర్వర్ రూమ్‌కు వచ్చిన కంప్లయింట్లు మాత్రమే చదివి, సాఫ్ట్‌వేర్ ఎవరికీ పనిచేయట్లేదని రిపోర్టు ఇచ్చినట్టుంది వ్యవహారం. బతికున్న ముసలివాళ్లను కూర్చోబెట్టి, నీకు లోపల ఎలా ఉంది అని అడిగినవాళ్లు దాదాపు ఎవరూ లేరు.

అందుకే ముప్పై ఏడేళ్ల కిందటి పాత ఆయుధం బయటికి తీశారు. బోస్టన్ పిల్లలకు పంపినట్టే ఈసారి వృద్ధులకు ప్రశ్నావళి పంపించారు. ముసలితనం వస్తోందని మొదట ఎప్పుడు, ఎలా తెలిసింది? ఇన్నాళ్లు బతకడానికి కారణం ఏమనుకుంటున్నారు? ఇప్పుడు దేంట్లో ఎక్కువ ఆనందం దొరుకుతోంది? పశ్చాత్తాపాలు వేధిస్తున్నాయా? కుర్రవాళ్ల సాంగత్యం నచ్చుతుందా? డాక్టర్ల మీద నమ్మకం పెరిగిందా, తగ్గిందా? చావు గురించి ఆలోచన ఎక్కువైందా? మళ్లీ మొదట్నుంచి బతికే అవకాశం ఇస్తే బతుకుతారా? ఇలా ఉండేవి ప్రశ్నలు.

1921 జనవరిలో 'అట్లాంటిక్ మంత్లీ' పత్రికలో ఆయన వ్యాసం పేరు లేకుండా అచ్చయింది. మరుసటి ఏడాది 'సెనెసెన్స్' పుస్తకం వచ్చింది. ఐదొందల పేజీలకు పైనే. అప్పటికి ఆయనకు 78.

పుస్తకం ప్రధాన వాదన ఇది. ముసలితనం రెండో బాల్యం కాదు. యవ్వనం అరిగిపోగా మిగిలిన తుక్కు కూడా కాదు. కౌమారం ఎలా ఒక ప్రత్యేక దశో, దానికి సొంత భావాలు, సొంత ఆలోచనా తీరు ఎలా ఉంటాయో, ముసలితనానికీ అలాగే ఉంటాయి. అందులో నేర్చుకోవాల్సిన కొత్త పనులూ ఉంటాయి. మనిషికీ మనిషికీ తేడా మిగతా దశల కంటే ఈ దశలోనే ఎక్కువని ఆయన గమనించారు. ఈ ఒక్క పరిశీలనే ఆస్లర్ లెక్కకు గొడ్డలిపెట్టు. 65 ఏళ్లవాళ్లంతా ఒకేలా లేనప్పుడు, ఆ నంబరు చూసి అందరినీ ఒకే గాటన ఎలా కడతాం?

నాకు బాగా నచ్చిన ఫలితం చావు గురించినది. వయసు పెరిగేకొద్దీ చావు భయం పెరుగుతుందని అందరూ అనుకునేదే. హాల్‌కు వచ్చిన జవాబుల్లో అది కనిపించలేదు. ఆ భయం ముసలివాళ్ల కంటే కుర్రవాళ్లలోనే గట్టిగా ఉంటుందనిపించింది ఆయనకు. ఇది చదివాక మా తాతయ్య గుర్తొచ్చారు. మేమంతా ఆయన రిపోర్టులు చూసి వణుకుతుంటే, ఆయన మాత్రం ఈ ఏడు మామిడి పూత బాగుందా లేదా అని అడుగుతూ ఉండేవారు.

అలాగని హాల్ తీపి కబుర్లు చెప్పలేదు. ముసలితనపు మొదటి అడుగులు నలభైల్లోనే పడతాయని ఆయనే రాశారు. ఒంటరితనం, నలుగురూ పక్కనపెట్టేయడం, ఒంట్లో ఓపిక తగ్గడం గురించి దాచుకోకుండా రాశారు. ఆయన కోరింది ఒక్కటే. ఈ దశను జబ్బుల లిస్టుగా కాకుండా మనసు దశగా చదవండి, దానికీ ఒక శాస్త్రం ఉండాలి అని.

ఇక లోపాలు. ఆయన సాంపిల్ చిన్నది. జవాబులిచ్చినవాళ్లలో ఎక్కువమంది చదువుకున్నవాళ్లు, పేరున్నవాళ్లు. ఇవాళ ఈ సర్వే డిజైన్‌తో ప్రాజెక్ట్ సబ్మిట్ చేస్తే గైడు వెనక్కి కొడతారు. ఆస్లర్ గొప్పవాళ్ల జీవితాలు చూసి కుర్రవాళ్ల వైపు మొగ్గితే, హాల్ గొప్పవాళ్ల జవాబులు చూసి ముసలివాళ్ల వైపు మొగ్గారనే విమర్శలో నిజం ఉంది. ఆయన అడిగిన ప్రశ్న సరైనది, దానికి జవాబు నిరూపించే పద్ధతి ఆయన దగ్గర లేదు.

ముప్పై నాలుగేళ్ల తర్వాత

పద్ధతి లేకపోవడం వల్ల పుస్తకం పక్కకు వెళ్లిపోయింది. అదే సమయంలో ఎదురుపక్షానికి బలమైన అంకెలు దొరికాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం లక్షల మందికి తెలివితేటల పరీక్షలు పెట్టింది. ఆ ఫలితాలు 1921లో అచ్చయ్యాయి. ఆఫీసర్లలో వయసు పెరిగేకొద్దీ సగటు మార్కులు దిగిపోతూ కనిపించాయి. ఇంకేం కావాలి, గ్రాఫ్ ఉంది కదా అనుకున్నారు అందరూ. ఆ తర్వాత చాలాకాలం అదే పాఠం.

1956లో వార్నర్ షాయి అనే రీసెర్చ్ స్కాలర్ తన పీహెచ్‌డీ కోసం సియాటిల్‌లో ఐదొందల మందికి పరీక్షలు పెట్టారు. వాళ్లు ఇరవైల నుంచి అరవైల దాకా అన్ని వయసులవాళ్లు. మామూలుగానే పెద్దవాళ్లకు తక్కువ మార్కులొచ్చాయి. షాయి అక్కడితో ఆగకుండా, ఏడేళ్లకోసారి అవే పరీక్షలు ఆ మనుషులకే మళ్లీ పెడుతూ వెళ్లారు. అప్పుడు కథ తిరగబడింది. ఒకే మనిషిని వెంబడించి చూస్తే చాలా సామర్థ్యాలు అరవై దాకా పెద్దగా తగ్గడం లేదు. మాటల అర్థాలు పట్టుకోవడం లాంటివి నడివయసులో పెరుగుతున్నాయి కూడా. వేగం మాత్రం ముందే తగ్గుతోంది.

మరి పాత గ్రాఫ్ ఎందుకు తప్పింది? ఒకే రోజు పాతికేళ్ల మనవణ్ని, డెబ్బై ఏళ్ల తాతను పక్కపక్కన కూర్చోబెట్టి పరీక్ష పెడితే, వాళ్ల మధ్య తేడా వయసొక్కటే కాదు. తాత ఐదో క్లాసుతో బడి మానేసి ఉండొచ్చు, మనవడు ఓఎంఆర్ షీట్ల మధ్యే పెరిగి ఉండొచ్చు. తాత మార్కులు తక్కువొస్తే అది ముసలితనం కాకపోవచ్చు, ఆయన పుట్టిన సంవత్సరం కావచ్చు. సియాటిల్ అధ్యయనం ఈ రెండింటినీ విడదీసింది. అవే సామర్థ్యాలు కొందరిలో త్వరగా, కొందరిలో చాలా ఆలస్యంగా తగ్గడం కూడా అందులో కనిపించింది. హాల్ కాగితం, కలంతో పట్టుకున్న తేడాలే అవి.

ఆ అంకెలు చూడటానికి హాల్ లేరు. ముసలితనం పుస్తకం అయిపోయిన వెంటనే ఆయన ఆత్మకథకు కూర్చున్నారు, 1923లో అది వచ్చింది. తర్వాత అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఆయన్ని మళ్లీ అధ్యక్షుడిగా ఎన్నుకుంది. ఆ పదవికి రెండుసార్లు ఎన్నికైనవాళ్లు ఇద్దరే, ఒకరు గైడు విలియం జేమ్స్, రెండోవారు ఆయన శిష్యుడు. పదవిలో ఉండగానే, 1924 ఏప్రిల్ 24న, 80 ఏళ్ల వయసులో వూస్టర్‌లో హాల్ కన్నుమూశారు.

మా అక్కకు ఇదంతా చెబితే శ్రద్ధగా విని, ఇందులో ఎన్ని బిట్లు వస్తాయని అడిగింది. ఒకటే, అదీ నీకు ముందే తెలిసిందే అన్నాను. సరే తర్వాతి ప్రశ్న చదవరా అంది.